మందుకు లొంగని పురుగు

సత్తెనపల్లి, నరసరావుపేటల నడుమనున్న మా ముప్పాళ్ళ మండలములో ప్రత్తి, మిరప ముఖ్యమైన పైరులు. ఒకనాటి ఉదయము ప్రత్తి చేని గట్టున ఒక పెద్ద రైతు నన్ను ఆపి, మూడు ఖాళీ మందు డబ్బాలు నా ముందు పెట్టి ఇట్లనెను: “సారూ, నిరుడు ఈ మందు ఒక్కసారి కొడితే పురుగు రాలి కింద పడింది. ఈ ఏడు మూడుసార్లు కొట్టా. కాయ చీల్చి చూస్తే పురుగు కులాసాగా తిరుగుతా ఉంది. మందు కల్తీదా, నా ఖర్మా?”

డబ్బాలను త్రిప్పి చూచితిని. మూడింటి మీద మూడు కంపెనీల పేర్లు, మూడు రంగుల బొమ్మలు. కాని క్రింద చిన్న అక్షరములలో వ్రాసియున్న మందుల పేర్లు చదువగా మూడును ఒకే వర్గమునకు చెందినవి. “బాబాయ్, నువ్వు మూడు మందులు కొట్టలేదు, ఒకే మందును మూడుసార్లు కొట్టావు” అని చెప్పితిని. ఆయన నమ్మలేకపోయెను. మూడు డబ్బాలకు చెల్లించిన సొమ్ములో కొంత ఇంకను అరువే.

ఈ ప్రశ్న ఆ రైతు ఒక్కనిది కాదు. పల్నాటిలో ప్రత్తి, మిరప పండించు ప్రతి ఊరిలోను వినవచ్చును. కనుక పురుగు మందుకు ఎందుకు లొంగదో, దానికి ఆ శక్తి ఎచ్చటినుండి వచ్చునో, మనమేమి చేయవలెనో ఈ వ్యాసములో వివరింతును.

పురుగు అలవాటు పడుట కాదు

“పురుగు మందుకు అలవాటు పడింది” అని మనవారు సాధారణముగా అందురు. కల్లు త్రాగువాడు కల్లుకు అలవాటు పడినట్లు పురుగుకూడ మందు తిని తిని గట్టిపడినదని వారి భావము. ఇది సరికాదు. మందు సోకి చావవలసిన పురుగు చచ్చును. అది బ్రతికి, నేర్చుకొని, పిల్లలకు నేర్పుట లేదు.

జరుగునది వేరు. ఒకే చేనిలోని పురుగులన్నియు ఒక్క తీరున ఉండవు. ఒకే గింజల సంచినుండి వేసిన పైరులో ఒక మొక్క పొట్టిగా, ఒకటి పొడుగుగా, ఒకటి బెట్టకు ఓర్చుకొనునదిగా ఉండుట మీరు చూచినదే. పురుగులలోను అట్లే. వేలకొలది పురుగులలో ఏ ఒకటి రెండో పుట్టుకతోనే ఆ మందును తట్టుకొను గుణము కలిగియుండును. మనము ఆ మందును కొనకముందే ఆ గుణము వానిలో ఉన్నది. మందు చల్లగానే తక్కినవి చచ్చి ఇవి మిగులును. మిగిలినవే జతకట్టి గ్రుడ్లు పెట్టును. పిల్లలకు తల్లిదండ్రుల గుణము వచ్చును.

రైతు మంచి వెన్నులను ఏరి విత్తనమునకు ఉంచుకొనును. ఏండ్ల తరబడి అట్లు చేసినచో విత్తనము మేలైనదగును. మందు చల్లునప్పుడు మనము తెలియకయే ఈ పనిని పురుగుల విషయములో చేయుచున్నాము. మందుకు చావని పురుగును ఏరి విత్తనమునకు ఉంచుచున్నాము. చీడపీడలు కాలక్రమమున మారుటయన్న ఇదియే.

ఒక చిన్న లెక్క

ఇది ఎంత త్వరగా జరుగునో ఒక లెక్కవలన తెలిసికొనవచ్చును. ఇది సంగతి బోధపడుటకై వేసిన లెక్కయే కాని చేనిలో కొలిచినది కాదు.

ఒక చేనిలో లక్ష పురుగులు ఉన్నవనుకొందము. అందులో వేయింటికి ఒకటి చొప్పున 100 పురుగులు మందును తట్టుకొనునవి. తక్కిన 99,900 పురుగులలో నూటికి 95 మందుకు చచ్చుననుకొందము.

మొదటిసారి మందు చల్లితిమి. మామూలు పురుగులలో సుమారు 5,000, తట్టుకొనునవి 100 మిగిలినవి. చేనిలో నూటికి 95 చచ్చినవి. రైతుకు సంతోషము. కాని మిగిలినవానిలో తట్టుకొనునవి వేయింటికి ఒకటి కాదు, నూటికి రెండు.

మిగిలినవి పెరిగి మరల లక్ష అయినవి. అందులో తట్టుకొనునవి ఇప్పుడు 2,000. అదే మందు రెండవసారి చల్లగా నూటికి 93 చచ్చును. రైతు తేడాను గమనింపడు. కాని ఈసారి మిగిలిన 6,900 పురుగులలో 2,000 తట్టుకొనునవే.

ఇవి మరల లక్ష అగునప్పటికి అందులో 29,000 తట్టుకొనునవి. మూడవసారి చల్లగా నూటికి 67 మాత్రమే చచ్చును. “మందు కాస్త తగ్గినట్టుంది” అని రైతు మోతాదు పెంచును. నాలుగవ తరములో తట్టుకొనునవి సుమారు 89,000. నాలుగవసారి చల్లిన మందుకు నూటికి సుమారు పది మాత్రమే చచ్చును.

ఈ లెక్కలో గమనింపవలసినది ఒకటి కలదు. మొదటి రెండుసార్లు మందు చక్కగా పనిచేసినట్లే కనిపించెను. కీడు అప్పుడే మొదలైనది. కంటికి కనిపించునప్పటికి చేయి దాటిపోవును.

నిజమైన చేనిలో ఇంత సూటిగా జరుగదు. ప్రక్క చేలనుండి మందు సోకని రెక్కల పురుగులు వచ్చి వీనితో జతకట్టును. అప్పుడు పుట్టు పిల్లలలో తట్టుకొను శక్తి పలుచబడవచ్చును. మనకు ఇదియే ఆధారము. దీనిని గూర్చి ముందు చెప్పుదును. కాని ఊరంతయు ఒకే మందు ఒకే వారములో చల్లినచో అట్లు వచ్చు పురుగులుండవు. లెక్క పైన చెప్పినట్లే నడచును.

శనగపచ్చ పురుగు ఒక తరము ముగియుటకు మన వాతావరణములో సుమారు నెల నుండి నలుబది రోజులు పట్టును. ఒక ఆడ రెక్కల పురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టును. తెల్లదోమ, తామర పురుగులకు ఇంకను తక్కువ కాలము చాలును. కనుక ఒక్క పంట కాలములోనే అనేక తరములు గడచును.

పురుగు తప్పించుకొను మార్గములు

తట్టుకొను పురుగు మందునుండి నాలుగు విధములుగా తప్పించుకొనును.

మొదటిది: పురుగు ఒంటిపైని పెంకు వంటి చర్మము దళసరియై మందు లోపలికి నెమ్మదిగా దిగును.

రెండవది: లోపలికి దిగిన మందును పురుగు శరీరములోని కొన్ని రసములు విరుగగొట్టి విషము కాకుండ చేయును. అన్ని పురుగులలోను ఈ రసములు కొంత ఉండును. తట్టుకొను పురుగులో అవి హెచ్చుగా ఉండును.

మూడవది: మందు పురుగు శరీరములో ఏ స్థానమున పనిచేయవలెనో ఆ స్థానమే మారియుండును. తాళము మారినచో పాత చెవి పట్టదుకదా! డి.డి.టి.యు, పైరిత్రాయిడ్ మందులును పురుగు నరములలో ఒకే తాళమునకు పట్టు చెవులు. ఆ తాళము మారినచో రెండును పనిచేయవు. అందుచేతనే ఒక మందు చెడినప్పుడు అదే వర్గములోని వేరొక మందు, అది క్రొత్తదైనను, మనము ఎన్నడును కొననిదైనను, సరిగా పనిచేయకపోవచ్చును.

నాల్గవది: కొన్ని పురుగులు మందు తగిలిన ఆకును విడిచి, మందు చేరని చోట తినుట, తల దాచుకొనుట చేయును.

ఇది నేటి సంగతి కాదు

పురుగు మందుకు లొంగకపోవుట నూరేండ్లకు పూర్వమే కనిపించినది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో ఆపిల్ తోటలకు పట్టిన శాన్ హోసే పొలుసు పురుగు గంధకము, సున్నము కలిపి కాచిన మందుకు చావకుండుటను మెలాండర్ అను శాస్త్రజ్ఞుడు 1914లో ప్రకటించెను. 1939లో డి.డి.టి. పురుగులను చంపునని పాల్ ముల్లర్ కనుగొనెను. ఇందులకు ఆయనకు 1948లో నోబెల్ బహుమానము లభించినది. ఆ బహుమానము రాకముందే స్వీడన్ మొదలగు దేశములలో ఇంటి ఈగలు డి.డి.టి.కి చావకుండుట కనిపించినది. మన దేశములో చెరువులలో పండు సింఘాడా మొక్క ఆకులను తిను పెంకు పురుగు డి.డి.టి., బి.హెచ్.సి.లకు లొంగకుండుటను 1963లో ప్రకటించిరి. పైరులను పాడుచేయు పురుగులలో మన దేశమున మొదట నమోదైనది ఇదియే.

గుంటూరు సీమలో 1980ల నాటి అనుభవము

సాగర్ కుడి కాలువకు 1967లో నీరు వదలిన తరువాత ఈ ప్రాంతపు సేద్యము మారినది. ప్రత్తి సాగు హెచ్చినది. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినవి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెత్రిన్ అనునవి ఈ వర్గములోనివి. కొద్దిపాటి మోతాదుకే కాయతొలుచు పురుగులు రాలిపోవుచుండెను. అంత మంచి మందు దొరకినదని రైతులు సంతోషించి దానినే మరల మరల చల్లిరి. కొన్ని చేలలో ఒక పంటకు ఇరువది మార్లకు పైగా మందు చల్లిరి.

మొదటి హెచ్చరిక తెల్లదోమ రూపమున వచ్చెను. పైరిత్రాయిడ్ మందు తెల్లదోమను సరిగా చంపదు. దానిని తిను మిత్రపురుగులను మాత్రము చంపును. కనుక 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తి పైరు మీద తెల్లదోమ విపరీతముగా పెరిగెను. దానిని అణచుటకు మరికొన్ని మందులు చల్లిరి.

తరువాత 1987-88 పంట కాలమున శనగపచ్చ పురుగు ప్రత్తి చేలపై విరుచుకొనిపడెను. పైరిత్రాయిడులు చల్లినను చావలేదు. ఇతర మందులు కలిపి చల్లిరి. అప్పటికిని చావలేదు. పూత, పిందె, కాయ పోయినవి. అప్పులు మిగిలినవి. ఆ కాలమున గుంటూరు, ప్రకాశము జిల్లాలలో కొందరు ప్రత్తి రైతులు ఆ మందులనే త్రాగి ప్రాణములు తీసికొనిరి. ఆ సంవత్సరపు పురుగులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు అవి పైరిత్రాయిడులను తట్టుకొను శక్తిని పొందినవని తేల్చిరి. శనగపచ్చ పురుగు విషయమున మన దేశములో ఈ శక్తి మొదట నమోదైనది ఆంధ్ర దేశపు చేలనుండియే.

ఇదే పురుగు, ఇదే మందు విషయమున ఆస్ట్రేలియాలో వేరొక విధముగా జరిగినది. అచ్చట క్వీన్స్‌లాండ్ రాష్ట్రములోని ఎమరాల్డ్ ప్రాంతమున 1983లో పైరిత్రాయిడులు విఫలమైనవి. వెంటనే రైతులు, శాస్త్రజ్ఞులు, మందుల కంపెనీలు కూడబలుకుకొని పంట కాలమును మూడు భాగములు చేసిరి. పైరిత్రాయిడులను నడిమి భాగమున కొద్ది వారములు మాత్రమే అందరును వాడవలెను, తక్కిన కాలమున ఎవ్వరును వాడరాదని కట్టుబాటు చేసికొనిరి. దానివలన ఆ మందులు అచ్చట మరి కొన్ని సంవత్సరములు అక్కరకు వచ్చినవి. వారి పురుగు మన పురుగుకన్న మెత్తనిది కాదు. వారికి ఉన్నది, మనకు లేనిది ఆ కట్టుబాటు.

విత్తనములోనే మందు ఉన్నను ఇదే సంగతి

2002వ సంవత్సరమున బి.టి. ప్రత్తి సాగుకు మన దేశములో అనుమతి లభించినది. నేలలోనుండు ఒక సూక్ష్మజీవి తయారుచేయు, కాయతొలుచు పురుగులకు విషమగు పదార్థమును ఈ మొక్కయే తయారుచేసికొనును. 2006లో రెండు విధములైన విషములు గల బి.టి. వచ్చినది. శనగపచ్చ పురుగు బెడద తగ్గినది. మందు ఖర్చు కొన్ని సంవత్సరములు తగ్గినది.

కాని గులాబిరంగు కాయతొలుచు పురుగు మొదటి బి.టి.ని తట్టుకొనుట గుజరాత్‌లో బయటపడినది. 2010లో దీనిని ప్రకటించిరి. తరువాత ఐదారేండ్లకే రెండు విషములు గల ప్రత్తిలోను ఆ పురుగు బ్రతుకుచుండుట గుజరాత్, ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర చేలలో కనిపించినది. నేడు పల్నాటి రైతు బి.టి. విత్తనము వేసియు గులాబి పురుగుకు మందు చల్లవలసి వచ్చుచున్నది.

శనగపచ్చ పురుగు కన్న గులాబి పురుగు ముందుగా ఎందుకు మొండికెత్తినది? శనగపచ్చ పురుగు కంది, శనగ, మిరప, టమాటా మొదలగు అనేక పైరులను తినును. ఆ పైరులలో బి.టి. విషము లేదు. అచ్చట పెరిగిన మామూలు పురుగులు ప్రత్తి చేనిలో మిగిలిన మొండి పురుగులతో జతకట్టి ఆ శక్తిని పలుచన చేయుచుండును. గులాబి పురుగునకు ప్రత్తియే ముఖ్యాహారము. చుట్టును ఉన్న ప్రత్తి అంతయు బి.టి. అయినప్పుడు మామూలు పురుగు ఎచ్చట పుట్టును?

దీనికై ప్రభుత్వము ముందుగనే ఒక ఏర్పాటు చేసినది. 450 గ్రాముల బి.టి. విత్తనము ప్యాకెట్టుతోపాటు 120 గ్రాముల బి.టి. కాని విత్తనమును వేరుగా ఇచ్చి, దానిని చేని చుట్టు వేయవలెనని చెప్పిరి. మామూలు పురుగులు పుట్టుటకు అది ఆశ్రయము. మనలో ఎందరము వేసితిమి? “పురుగును మేపడానికి పైరు వేసేదేంది?” అని ఆ చిన్న ప్యాకెట్టును గట్టున పారవేసినవారే ఎక్కువ. తరువాత బి.టి. కాని గింజలను ఆ సంచిలోనే కలిపి ఇచ్చు పద్ధతి వచ్చినది. అది ఒక కారణము. ఫిబ్రవరి, మార్చి వరకు ప్రత్తిని చేనిలోనే ఉంచుట మరియొక కారణము. పైరు ఎంత కాలము నిలిచిన పురుగుకు అన్ని తరములు దొరకును.

మిరప రైతులకు 2021-22 నేర్పిన పాఠము

2021-22లో గుంటూరు, పల్నాడు ప్రాంతముల మిరప తోటలను నల్ల తామర పురుగు నాశనము చేసినది ఎవ్వరును మరువలేరు. ఇది మనకు పూర్వమునుండి తెలిసిన ఆకుముడత తామర పురుగు కాదు. ఇతర దేశమునుండి వచ్చినది. మన దేశములో మొదట 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయి మీద కనుగొనిరి. ఇది పూవులో దాగి తినును. చల్లిన మందు అచ్చటికి సరిగా చేరదు. భయపడిన రైతులు రెండు మూడు రోజులకొకసారి రెండు మూడు మందులు కలిపి చల్లిరి. పురుగు తగ్గలేదు. పురుగును తిను సాలెపురుగులు, అక్షింతల పురుగులు, అల్లికరెక్కల పురుగులు మాత్రము తోటలో లేకుండ పోయినవి.

మందు పనిచేయనప్పుడు ముందు పరీక్షింపవలసినవి

మందు పనిచేయని ప్రతి చోటను పురుగు మొండికెత్తినదని అనుకొనరాదు. ముందు ఈ క్రింది సంగతులు చూడవలెను.

1. పురుగు వయస్సు: చిన్న పురుగును చంపు మోతాదు ఎదిగిన పురుగును చంపదు. కాయలోనికి చేరిన గులాబి పురుగుకు పై మందు తగలదు.

2. నీరు, నాజిల్: నీరు తక్కువైనను, నాజిల్ అరిగినను మందు ఆకు అడుగు భాగమునకు చేరదు. తెల్లదోమ, పచ్చదోమ ఉండునది అచ్చటనే.

3. వాన: చల్లిన కొద్ది గంటలలో వాన కురిసినచో మందు కొట్టుకొనిపోవును.

4. మందు నాణ్యత: కాలము చెల్లిన మందు, బిల్లు లేని మందు కొనరాదు. బిల్లును, డబ్బాను దాచవలెను. సందేహము కలిగినచో వ్యవసాయాధికారికి తెలుపవలెను. 1968 నాటి పురుగుమందుల చట్టము క్రింద నమూనా తీసి పరీక్షకు పంపించు అధికారము తనిఖీ అధికారికి కలదు.

ఇవన్నియు సరిగా ఉన్నను, ప్రక్క చేలలో ఇతర పురుగులు చచ్చి, ఒక్క జాతి పురుగు మాత్రము మిగులుచున్నచో అప్పుడు అనుమానింపవలెను. అట్టి చేనిలో మోతాదు రెట్టింపు చేయుటవలన ప్రయోజనము లేదు. ఆ వర్గపు మందును ఆ పంటకు మానివేయవలెను.

వర్గము చూచి మందు కొనవలెను

మందు డబ్బా మీద పెద్ద అక్షరములలో ఉండునది వ్యాపార నామము. దాని క్రింద చిన్న అక్షరములలో సాంకేతిక నామము ఉండును. కొనునది దానిని చూచి కొనవలెను. పనిచేయు విధానమును బట్టి మందులకు ప్రపంచమంతటను వాడు వర్గ సంఖ్యలు కలవు. కొన్ని డబ్బాల మీద ఆ సంఖ్యయు ముద్రించియుండును. మన ప్రాంతమున తరచు వినవచ్చు పేర్లను వర్గముల వారీగా క్రింద ఇచ్చుచున్నాను. ఇవి వర్గము గుర్తించుటకే కాని, అన్నియు చల్లుమని కాదు.

1వ వర్గము: ప్రొఫెనోఫాస్, క్వినాల్‌ఫాస్, ఎసిఫేట్, థయోడికార్బ్.
3వ వర్గము: సైపర్‌మెత్రిన్, ఫెన్‌వలరేట్, లామ్‌డా సైహలోత్రిన్.
4వ వర్గము: ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్, థయోమిథాక్సామ్.
5వ వర్గము: స్పైనోసాడ్, స్పైనెటోరమ్.
6వ వర్గము: ఎమామెక్టిన్ బెంజోయేట్, అబామెక్టిన్.
28వ వర్గము: క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండిఅమైడ్, సయాంట్రానిలిప్రోల్.

ఒక తరము పురుగు మీద ఒక వర్గపు మందు వాడినచో, తరువాతి తరము మీద వేరొక వర్గపు మందే వాడవలెను. సైపర్‌మెత్రిన్ తరువాత లామ్‌డా సైహలోత్రిన్ చల్లుట మందు మార్చుట కాదు, డబ్బా మార్చుట. రెండు మూడు మందులను స్వంతముగా కలిపి చల్లరాదు. డబ్బాపై ఏ పైరు, ఏ పురుగు, ఎంత మోతాదు అని వ్రాసిరో అట్లే వాడవలెను.

మందు చల్లు అవసరమే తగ్గించుట

వర్గము మార్చుటకన్న మేలైనది, చల్లు మార్లను తగ్గించుట. మందు చల్లని ప్రతి వారము మామూలు పురుగును మనకై కాపాడు వారము. దానికి ఈ క్రింది పద్ధతులు పాటింపవలెను.

ప్రత్తి వేసిన మొదటి రెండు నెలలు వీలైనంతవరకు మందు చల్లకుండ ఉండవలెను. శుద్ధి చేసిన విత్తనము తొలి రోజులలో రసము పీల్చు పురుగులనుండి మొక్కను కాపాడును. పైరిత్రాయిడులను తొలి దశలో ఎంతమాత్రము వాడరాదు. వాడినచో తెల్లదోమ పెరుగును.

తేదీ చూచి మందు చల్లరాదు. పురుగును లెక్కించి చల్లవలెను. పచ్చదోమ ఆకునకు రెండు పిల్ల పురుగులు, తెల్లదోమ ఆకునకు ఆరు నుండి ఎనిమిది, తామర పురుగులు ఆకునకు పది ఉన్నప్పుడు మాత్రమే ప్రత్తిలో చర్య తీసికొనవలెను. గులాబి పురుగుకై ఎకరమునకు రెండు చొప్పున లింగాకర్షక బుట్టలు పెట్టవలెను. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది రెక్కల పురుగులు పడినను, పూవులలో గాని పచ్చి కాయలలో గాని నూటికి పదింట పురుగు కనిపించినను చర్య తీసికొనవలెను. విప్పుకొనక ముడుచుకొని యుండు గుడ్డిపూలను ఏరి నాశనము చేయవలెను.

మొదటి మందుగా వేపను వాడవలెను. అయిదు కిలోల వేపపప్పు పొడిని పది లీటర్ల నీటిలో రాత్రి నానవేసి, వడగట్టి, నూరు గ్రాముల సబ్బు పొడి కలిపి, మొత్తము నూరు లీటర్లు చేసి చల్లవలెను. వేపలో పురుగును అడ్డగించు పదార్థములు అనేకము. అన్నిటిని ఒక్కమారు తట్టుకొనుట పురుగుకు సులభము కాదు.

మిరపలో నీలిరంగు జిగురు అట్టలు పెట్టవలెను. చేని చుట్టు జొన్న గాని మొక్కజొన్న గాని రెండు మూడు వరుసలు వేయవలెను.

ప్రత్తిని డిసెంబరు, జనవరి నెలలలో ముగించవలెను. కట్టెను పీకి ముక్కలు చేసి నేలలో కలియదున్నవలెను. కట్టెను వంటచెరకుగా దొడ్డిలో మోపులు వేసి ఉంచినచో గులాబి పురుగు ఎండిన కాయలలో నిద్రించి రాబోవు పంటకు సిద్ధముగా నుండును.

ఇది ఊరి పని

మందు డబ్బా రైతు స్వంతము. కాని ఆ మందు పనిచేయు శక్తి ఊరివారి ఉమ్మడి ఆస్తి. చెరువు నీటివలె దానిని ఒకడు వృథా చేసినచో అందరికిని కరవు వచ్చును. రెక్కల పురుగుకు పొలము గట్లు, సర్వే నంబర్లు తెలియవు. ఒక రైతు ఎంత జాగ్రత్తగా ఉన్నను ప్రక్క రైతు చేనిలో తయారైన మొండి పురుగు ఆ రాత్రికే అతని చేనికి వచ్చును. కావున ఇది ఒక్కొక్కరు చేయునది కాదు.

అమెరికాలో గులాబి పురుగు లింగాకర్షణ పదార్థములను, వంధ్య రెక్కల పురుగుల విడుదలను, బి.టి.ని అన్నిటిని కలిపి చాల ఏండ్లు ఊళ్ళకు ఊళ్ళు పనిచేసిన పిమ్మట 2018లో ప్రత్తి చేలనుండి తొలగిపోయినట్లు ప్రకటించిరి. అది ఏ ఒక్క మందు సాధించినది కాదు.

ఇందులో గ్రామాధికారుల సాయము చాల అవసరము. ఖరీఫ్ ప్రారంభమున ఒక సభ జరిపి, ఊరిలో ఏ నెలలో ఏ వర్గపు మందు వాడవలెనో, ఏది వాడరాదో వ్యవసాయాధికారితో నిర్ణయించి, ఆ పట్టికను సచివాలయము గోడ మీద వ్రాయింపవలెను. అదే పట్టికను మందుల దుకాణములవారికి కూడ ఇవ్వవలెను. అరువు ఇచ్చు దుకాణములో చెప్పిన మందే కొనవలసి వచ్చుట చిన్న రైతు కష్టము. ఊరి మాట ఒకటిగా ఉన్నచో అతనికి కూడ “ఈ నెల మా ఊరిలో ఈ వర్గము వద్దన్నారు” అని చెప్పు ధైర్యము కలుగును. ప్రత్తి కట్టె తొలగించుటకు ఒక గడువు తేదీని అందరికి ఒకటిగా నిర్ణయించి దండోరా వేయింపవలెను. 

ఆనాడు గట్టు మీద కలిసిన పెద్ద రైతు తరువాత ఒకనాడు మా కార్యాలయమునకు వచ్చెను. చదువు రాని ఆయన మనుమరాలిని వెంట తెచ్చుకొనెను. దుకాణములో ఇచ్చిన డబ్బాను ఆ పిల్ల చేత చిన్న అక్షరములు చదివించి, “సారూ, ఇది మూడో వర్గమా, వేరేనా? వేరేదైతేనే మూత తీస్తా” అని అడిగెను. ఆ ప్రశ్న ప్రతి దుకాణము ముందు, ప్రతి రైతు అడుగవలసినది. మూత తీయక పూర్వమే అడుగవలెను.